ఏడు శాతం లాభం, రెండున్నర రెట్లు భారం

బండికి ఎదురుగా నిలబడి చూడండి. ఎడమ టైరు మధ్య నుంచి కుడి టైరు మధ్య వరకు నేల మీద ఉన్న దూరాన్ని వీల్ ట్రాక్ అంటారు. ఆ దూరం పెంచితే బండి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వాన్‌లా కనిపిస్తుంది. మలుపులో తిరగబడే భయం కూడా కొంత తగ్గుతుంది. అందుకే జీపులు, పికప్పులు, ట్రక్కులు అంటే ప్రాణం పెట్టేవాళ్లు మొదట చేయించే మార్పుల్లో ఇదొకటి. బయటికి పొడుచుకొచ్చిన చక్రాలతో తిరిగే బండ్లని రీల్స్‌లో మీరూ చూసే ఉంటారు.

నేను సీఎస్ఈ వాణ్ణి. నాకు ఈ గొడవ ఎందుకంటే, మా పెదనాన్నగారి అబ్బాయి నర్సీపట్నంలో ఉంటాడు. ఒక పాత మారుతి జిప్సీ కొన్నాడు. సెలవు దొరికితే చాలు, వదిననీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని లంబసింగి ఘాట్ రోడ్డు ఎక్కేస్తాడు. ఈమధ్య ఫోన్ చేసి, చక్రానికీ హబ్‌కీ మధ్య వేసే స్పేసర్లు తెప్పిస్తున్నానని చెప్పాడు. ఒక్కో వైపు 45 మి.మీ., మొత్తం 90 మి.మీ.

"మారుతీ వాళ్లే ఒకసారి 90 పెంచారు కదరా. నేను ఇంకో 90 పెంచితే తప్పేంటి? ఇంజినీరింగ్ చదువుతున్నావుగా, చెప్పు" అన్నాడు.

నిజానికి చాలా మంచి ప్రశ్న. మా రూమ్‌మేట్ మెకానికల్ వాడు. వాడి పుస్తకాలు ముందు వేసుకుని కూర్చుంటే ఈ వ్యాసం తయారైంది. ఇందులో కావలసిన మ్యాథ్స్ అంతా గుణకారం, భాగహారమే. కాబట్టి ఏ బ్రాంచ్ వాళ్లైనా ధైర్యంగా చదవొచ్చు.

1. మారుతీ వాళ్లు పెంచిన 90

జిప్సీ మన దేశంలో 1985 చివర్లో వచ్చింది. 2019లో మార్కెట్ నుంచి తప్పించారు. మొదట్లో దాని ముందు ట్రాక్ 1210 మి.మీ. 1993లో వైడ్‌ట్రాక్ జిప్సీ పేరుతో కొత్త మోడల్ తెచ్చారు. ముందు ట్రాక్ 1300, వెనక ట్రాక్ 1310 అయ్యాయి. అంటే రెండు వైపులా కలిపి 90 మి.మీ. పెరిగింది. చక్రాలు బాడీ బయటికి రావడంతో వాటి మీద ఫెండర్ ఫ్లేర్స్ పెట్టారు. రోడ్డు మీద ఏది పాత జిప్సీ, ఏది వైడ్‌ట్రాక్ అని గుర్తుపట్టేది వాటితోనే.

అన్నయ్య చెప్పిన లెక్క కరెక్టే. ఇక లాభనష్టాలు చూద్దాం.

2. లాభం ఎంత?

మలుపులో బండి ఎంత గట్టిగా ఉందో అంచనా వేయడానికి ఒక చిన్న సూత్రం ఉంది. ట్రాక్‌ని, గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగించాలి. వచ్చిన సంఖ్య ఎంత పెద్దదైతే బండిని పడెయ్యడం అంత కష్టం.

గురుత్వ కేంద్రం ఎత్తు 650 మి.మీ. అనుకుందాం. ఇది లెక్క సులువుగా ఉండాలని నేను తీసుకున్న అంకె. ట్రాక్ 1300 అయితే 1300 ÷ 1300 = 1.00. స్పేసర్లు వేస్తే 1390 ÷ 1300 = 1.07. అంటే దాదాపు 7 శాతం లాభం.

అయితే స్పేసర్లు వేసినవాళ్లు సాధారణంగా అక్కడితో ఆగరు. పెద్ద టైర్లు కూడా వేస్తారు. దాంతో బండి 40 మి.మీ. పైకి లేచిందనుకోండి. ఇప్పుడు ఎత్తు 690. 1390 ÷ 1380 = 1.007. లాభం మొత్తం హారతి కర్పూరం!

ఇంకో సంగతి. జిప్సీకి ముందూ వెనకా గట్టి ఇరుసులు, వాటి మీద కమాన్ పట్టీలు. మలుపులో బాడీ ఎంత వాలుతుందన్నది ముఖ్యంగా ఎడమ కమానుకీ కుడి కమానుకీ మధ్య ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. చక్రాలు బయటికి జరిపినంత మాత్రాన కమాన్లు జరగవు కదా. కాబట్టి బండి వాలడం తగ్గదు. తిరగబడే హద్దు మాత్రం కాస్త దూరం జరుగుతుంది.

3. ఖర్చు ఎంత?

ముందు చక్రం స్టీరింగ్ తిప్పినప్పుడు ఒక కీలు చుట్టూ తిరుగుతుంది. ఆ కీలే కింగ్ పిన్. తలుపుకి బందు ఎలాగో చక్రానికి కింగ్ పిన్ అలాగ. ఆ కింగ్ పిన్ గీతని నేల దాకా పొడిగించారనుకోండి, అది నేలని ఒక చోట తాకుతుంది. టైరు మధ్య భాగం నేలని ఇంకో చోట తాకుతుంది. ఈ రెంటి మధ్య అడ్డంగా ఉన్న దూరం పేరు స్క్రబ్ రేడియస్.

ఈ దూరం ఎంత ముఖ్యమో తెలియాలంటే తలుపునే తీసుకోండి. బందు దగ్గర వేలు పెట్టి నెడితే కదలదు. అంచు దగ్గర అదే వేలితో నెడితే తెరుచుకుంటుంది. బలం ఒకటే, బందు నుంచి దూరం మారింది. పొలంలో ఏతం పనిచేసేదీ ఈ లెక్క మీదే.

ఇప్పుడు ఒక్క ముందు చక్రం గుంతలో పడింది. రోడ్డు ఆ చక్రాన్ని 3000 న్యూటన్ల బలంతో వెనక్కి నెట్టింది. స్క్రబ్ రేడియస్ 30 మి.మీ. అనుకుందాం. కింగ్ పిన్ చుట్టూ చక్రాన్ని మెలితిప్పే మూమెంట్ 3000 × 0.03 = 90 న్యూటన్ మీటర్లు. ఆ మెలికని ఆపాల్సింది 150 మి.మీ. పొడవున్న స్టీరింగ్ ఆర్మ్, దాని చివర ఉన్న టై రాడ్. కాబట్టి టై రాడ్ మీద పడే బలం 90 ÷ 0.15 = 600 న్యూటన్లు.

స్పేసర్ వేశాక స్క్రబ్ రేడియస్ 30 + 45 = 75 మి.మీ. అదే గుంత, అదే స్పీడ్. మూమెంట్ 225, టై రాడ్ మీద బలం 1500 న్యూటన్లు. రెండున్నర రెట్లు!

ఈ వ్యాసం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. లాభాన్ని 1300తో పోల్చి కొలుస్తాం, అందుకే 90 చిన్నదిగా కనిపిస్తుంది. ఖర్చుని 30తో పోల్చి కొలవాలి, అక్కడ 45 చాలా పెద్దది. పెంచిన మిల్లీమీటర్లు అవే, భాగించే సంఖ్య వేరు.

రెండు చక్రాల మీదా సమానంగా బ్రేక్ పడితే ఎడమ మెలిక, కుడి మెలిక టై రాడ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక చక్రం తారు మీద, ఇంకోటి వానకి తడిసిన మట్టి అంచు మీద ఉన్నప్పుడు బ్రేక్ కొడితే ఆ తేడా మొత్తం స్టీరింగ్‌కి వస్తుంది. ఘాట్ రోడ్డులో ఎదురుగా బస్సు వస్తే మనం పక్కకి దిగేది సరిగ్గా అలాంటి చోటుకే.

4. అవే 90, రెండు దార్లు

మరి మారుతీ వాళ్లకి ఈ బాధ ఎందుకు లేదు? వాళ్లు ఇరుసునే పొడవు చేశారు. ఇరుసు పొడవైతే దాని చివరున్న కింగ్ పిన్ కూడా చక్రంతో పాటు బయటికి వెళ్లిపోతుంది. రెంటి మధ్య దూరం అలాగే ఉంటుంది. స్పేసర్ వేస్తే కింగ్ పిన్ ఉన్నచోటే ఉంటుంది, చక్రం ఒక్కటే బయటికి వెళ్తుంది. టేపు పెట్టి కొలిస్తే రెండు బండ్లకీ పెరిగింది అంతే. స్టీరింగ్‌కి మాత్రం అవి రెండూ వేర్వేరు బండ్లు.

స్పేసర్ లేకుండా కూడా ఇదే పని జరుగుతుంది. అల్లాయ్ వీల్ వెనక ఈటీ అని ఒక నంబర్ ఉంటుంది, దాన్నే ఆఫ్‌సెట్ అంటారు. పాత వీల్ ఈటీ 20, కొత్తది ఈటీ మైనస్ 15 అయితే టైరు మధ్య గీత 35 మి.మీ. బయటికి జరిగినట్టే. "నేను స్పేసర్ వెయ్యలేదు, వీల్సే మార్చాను" అనేవాళ్లు ఈ తీసివేత ఒకసారి చేసి చూసుకోవాలి.

5. బేరింగు, ఇరుసు

హబ్ లోపల రెండు బేరింగులు, మధ్య దూరం 50 మి.మీ. అనుకోండి. చక్రం బరువు 4000 న్యూటన్లు సరిగ్గా వాటి నడుమ పడుతోంది. చెరో 2000 పంచుకుంటాయి, హాయిగా ఉంటాయి. టైరుని 45 మి.మీ. బయటికి జరిపితే ఆ బరువు బయటి బేరింగ్ కన్నా అవతల పడుతుంది. మూమెంట్ లెక్క వేస్తే బయటి బేరింగ్ మీద 5600. లోపలి దాని మీద 1600, అదీ వ్యతిరేక దిశలో. చిన్నప్పుడు పార్కులో ఊగే బల్ల ఎక్కారుగా, అదే ఇది.

5600 అంటే పాతదానికి 2.8 రెట్లు. బాల్ బేరింగ్ ఆయుష్షు బరువు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. 2.8 ఘనం దాదాపు 22. అంటే ఆయుష్షులో ఇరవై రెండో వంతు మిగులుతుంది. మలుపులో పక్క నుంచి పడే బలం ఇందులో ఇంకా కలపలేదు. అసలు బండి కొలతలు వేరుగా ఉంటాయి, అంకెలూ మారతాయి. ఘనం మాత్రం మారదు.

ఇరుసు సంగతి రెండు దార్లలోనూ తప్పనిది. కమాను కూర్చున్న చోటు నుంచి టైరు మధ్యకి దూరం 250 మి.మీ. ఉంటే వంచే మూమెంట్ 4000 × 0.25 = 1000 న్యూటన్ మీటర్లు. 295 అయితే 1180. పద్దెనిమిది శాతం ఎక్కువ. అందుకే పొడవైన ఇరుసు వేసేటప్పుడు కమాను సీటు దగ్గర గసెట్ ప్లేట్లు వెయ్యాలి, లేదా గొట్టం మందమైనా పెంచాలి. స్పేసర్ అయితే వీల్ స్టడ్‌లూ ఇందులో చేరతాయి. స్పేసర్ మధ్య రంధ్రం హబ్ మీద బిగుతుగా కూర్చోకపోతే చక్రాన్ని కేంద్రంలో పట్టి ఉంచే పని కూడా స్టడ్‌ల మీదే పడుతుంది.

6. టై రాడ్‌ని ఎలా బలపరచాలి?

టై రాడ్ ఇరుసు వెనక ఉండే బండ్లలో, గుంతలో పడ్డ చక్రం రాడ్‌ని చివర నుంచి నొక్కుతుంది. ప్లాస్టిక్ స్కేల్‌ని రెండు చివర్లా పట్టుకుని నొక్కండి. అది నలగదు, పక్కకి వంగుతుంది. దీన్నే బక్లింగ్ అంటారు. దీని సూత్రం 18వ శతాబ్దంలో ఆయిలర్ ఇచ్చాడు. మన గ్రాఫ్ థియరీలో ఆయిలర్ పాత్ అని వస్తుందే, ఆ ఆయిలరే. నేను ఒక్కసారి కుర్చీలో నిటారుగా కూర్చున్నది ఇక్కడే.

రాడ్ ఎంత బలం దాకా తట్టుకుంటుందన్నది పొడవు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. 1000 మి.మీ. రాడ్‌ని 1090 చేస్తే బలం 84 శాతానికి పడిపోతుంది. కాబట్టి ఇరుసు పొడిగించే పద్ధతిలోనూ పాత రాడ్ సైజు సరిపోతుందని అనుకోకూడదు.

మంచి వార్త ఏంటంటే, గుండ్రటి రాడ్ బలం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మి.మీ. రాడ్ బదులు 22 వేస్తే 46 శాతం ఎక్కువ. ఇంకా మంచి వార్త: 20 మి.మీ. గట్టి కడ్డీ బదులు, బయటి వ్యాసం 30, గోడ మందం 3 మి.మీ. ఉన్న స్టీల్ గొట్టం వేస్తే బక్లింగ్ బలం మూడు రెట్లు, బరువు 19 శాతం తక్కువ. వెదురు బొంగు కథే ఇది. పదార్థం మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే వంపుని అంత బాగా ఆపుతుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. టై రాడ్‌ని మధ్యకి కోసి, ముక్క అతికి, వెల్డింగ్ పెట్టి పొడవు చేయించొద్దు. స్టీరింగ్ ఆర్మ్ మీద, నకిల్ మీద కూడా వెల్డింగ్ వద్దు. అవి వేడి మీద సాగగొట్టి, పదును పెట్టిన భాగాలు, మళ్లీ వేడి తగిలితే ఆ పదును పోతుంది. కొత్త గొట్టం వేసినప్పుడు టై రాడ్ ఎండ్ మర లోపలికి చాలినంత వెళ్లాలి, కనీసం మర వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ తప్పనిసరి. స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే చేతికి వణుకు తెలియడం తగ్గుతుంది, కానీ టై రాడ్ ఎండ్‌ల మీద పడే బలం పెద్దగా తగ్గదు. జ్వరం చూడకుండా థర్మామీటర్ దాచేసినట్టు ఉంటుంది ఆ పని.

7. గట్టి ఇరుసు లేని బండ్లలో

ఇప్పటి పికప్పుల్లో చాలావాటికి ముందు వైపు ఒక్కో చక్రానికి విడివిడిగా సస్పెన్షన్ ఉంటుంది. అక్కడ ట్రాక్ పెంచాలంటే కంట్రోల్ ఆర్మ్‌లు పొడవు చేస్తారు. అమెరికాలో 2010 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ దీనికి మంచి ఉదాహరణ. ఎడారిలో ఎగురుకుంటూ పోవడానికి చేసిన ట్రక్కు అది. మామూలు ఎఫ్-150 కన్నా సుమారు 7 అంగుళాలు వెడల్పు. ఆర్మ్‌లు పొడవు చేసినవాళ్లు టై రాడ్‌లూ, చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌లూ పొడవు చేశారు. డ్యాంపర్లు మార్చారు. వెడల్పు 80 అంగుళాలు దాటడంతో అక్కడి చట్టం ప్రకారం ముందు గ్రిల్‌లో మూడు చిన్న పసుపు దీపాలు కూడా పెట్టాల్సొచ్చింది. చక్రం జరిపితే దీపం దాకా వెళ్లింది పని!

టై రాడ్ ఎందుకు పొడవు చెయ్యాలి? చక్రం పైకీ కిందికీ ఊగేటప్పుడు ఆర్మ్ చివర ఒక వంపులో కదులుతుంది, టై రాడ్ చివర ఇంకో వంపులో కదులుతుంది. రెండు వంపులూ కలిసి నడవాలి. ఆర్మ్ పొడవై రాడ్ పొట్టిగా ఉండిపోతే, ప్రతి గుంతకీ చక్రం తనంతట తనే కాస్త తిరుగుతుంది. డ్రైవర్ స్టీరింగ్ ముట్టుకోడు, బండి మాత్రం దారి మారుస్తుంది. దీని పేరు బంప్ స్టీర్.

స్ప్రింగ్ లెక్క కూడా మారుతుంది. కింది ఆర్మ్ 350 మి.మీ., స్ప్రింగ్ లోపలి కీలు నుంచి 200 మి.మీ. దగ్గర కూర్చుంది అనుకోండి. ఆర్మ్‌ని 395 చేస్తే చక్రం దగ్గర తెలిసే స్ప్రింగ్ గట్టిదనం (350 ÷ 395) వర్గం అవుతుంది, అంటే దాదాపు 79 శాతం. బండి ముందు భాగం కుంగుతుంది. పాత గట్టిదనం రావాలంటే స్ప్రింగ్ 27 శాతం గట్టిది వెయ్యాలి. అలా వేస్తే స్ప్రింగ్ కూర్చునే బ్రాకెట్ మీద, దాన్ని మోసే ఛాసిస్ మీద భారం పెరుగుతుంది. అక్కడా ప్లేట్లు వెయ్యాలి.

8. ఏది ముందు విరగాలి?

మనం కోడ్‌లో ఒక బాటిల్‌నెక్ తీసేస్తే ఇంకోటి బయటపడుతుంది. ఇక్కడా అంతే. టై రాడ్‌ని మూడు రెట్లు గట్టి చేస్తే గుంత దెబ్బ మాయమవదు, తర్వాతి భాగానికి వెళ్తుంది. టైరు, వీల్, స్టడ్‌లు, హబ్ బేరింగ్, నకిల్, కింగ్ పిన్, స్టీరింగ్ ఆర్మ్, టై రాడ్, డ్రాగ్ లింక్, స్టీరింగ్ బాక్స్, ఆ బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టే బోల్టులు. ఈ వరసలో ఏదో ఒకటి అన్నిటికన్నా బలహీనంగా ఉండి తీరుతుంది. అది ఏదో మనం ఎంచుకోవాలి. వంగిన టై రాడ్ కనిపిస్తుంది, స్టీరింగ్ వంకరగా వచ్చి ముందే చెబుతుంది, మార్చుకోవచ్చు. విరిగిన కింగ్ పిన్ ఏమీ చెప్పదు. అందుకని బలపరచడం ఎప్పుడూ చక్రం వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలి. మధ్యలో ఒక్క భాగాన్ని మెరిసే కొత్తదిగా మార్చి ఆగిపోకూడదు.

మన దగ్గర చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది.

ఈ లెక్కలన్నీ అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాను. "ఏడు శాతానికి ఇంత కథా?" అన్నాడు. కాసేపాగి, "ఇరవై రెండో వంతు అన్నావు చూడు, అది మీ వదినకి చూపించకు" అన్నాడు. స్పేసర్లు ఆర్డర్ క్యాన్సిల్ చేశాడు. ఆ డబ్బుతో కింగ్ పిన్ బేరింగులూ, టై రాడ్ ఎండ్‌లూ, కమాన్ బుష్‌లూ కొత్తవి వేయించాడు. బండి చూడ్డానికి ముందులాగే ఉంది. స్టీరింగ్ మాత్రం ఇప్పుడు మాట వింటోందట.

9. మీకు హోమ్‌వర్క్

ఇంట్లో ఏ కారున్నా, జీపున్నా మెకానిక్ దగ్గర ముందు చక్రం జాకీ మీద లేపినప్పుడు రెండు పనులు చెయ్యండి. గడియారంలో 12, 6 ఉండే చోట్ల టైరుని పట్టుకుని ఊపండి. ఆట ఉంటే బేరింగ్ లేదా కింగ్ పిన్, బాల్ జాయింట్ వైపు చూడాలి. తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండ్‌లని అనుమానించాలి. ఒక్క నిమిషం పని.

ఇక ఒక లెక్క. ఒక పికప్‌కి ట్రాక్ 1450 మి.మీ., స్క్రబ్ రేడియస్ 20 మి.మీ. ఒక్కో వైపు 25 మి.మీ. స్పేసర్ వేశారు. ట్రాక్ ఎంత శాతం పెరిగింది? ఒకే చక్రం గుంతలో పడితే టై రాడ్ మీద బలం ఎన్ని రెట్లు అవుతుంది? కాలిక్యులేటర్ అక్కర్లేదు. రెండు జవాబులూ పక్కపక్కన రాసి, స్పేసర్ అమ్మేవాడు మీకు ఆ రెంటిలో ఏది చెబుతాడో ఆలోచించండి.